అర్జీ ఏ దారిన పెట్టాలో అమ్మాయిని అడిగారా?

పెళ్ళయిన కొత్తలో అమ్మాయి విజిటర్ వీసా మీద కెనడాలో ఉన్న భర్త దగ్గరికి వెళ్ళిందనుకోండి. వెళ్ళి పట్టుమని పది రోజులు కాకుండానే ఇక్కడ ఇంట్లో ఒక మాట మొదలవుతుంది. “ఎలాగూ వెళ్ళింది. మళ్ళీ రావడం, మళ్ళీ వెళ్ళడం, ఆ టికెట్ల డబ్బు దండగ కాదూ? అక్కడే ఉండి పీఆర్‌కి పెట్టేసుకుంటే పోలే!” అనేవాళ్ళందరూ మంచి మనసుతోనే అంటారు. కొత్త జంట విడివిడిగా ఉండాలని ఎవరు కోరుకుంటారు? కానీ ఈ “పెట్టేసుకుంటే పోలే” అన్న దగ్గరే నాకు పేచీ. ఎందుకంటే ఆ అర్జీ పెట్టడానికి ఒక దారి కాదు, రెండు దారులున్నాయి. ఏ దారిన వెళ్తామన్న దాన్ని బట్టి ఆ ఏడాదో ఏడాదిన్నరో ఆ పిల్ల బతుకు ఎలా గడుస్తుందో తేలుతుంది. అది తేల్చేటప్పుడు మనం నెలలు లెక్కపెడతాం, డాలర్లు లెక్కపెడతాం. పిల్లని మాత్రం అడగం.

ఈ గోలంతా నాకెందుకు తెలుసంటే, మా తోడికోడలి కూతురు పెళ్ళయ్యాక వేసవి సెలవుల్లో బ్రాంప్టన్ వెళ్ళింది. అల్లుడికి అక్కడ పీఆర్ ఉంది. అప్పుడు మా ఇంట్లో జరిగిన చర్చలు చూశాక, ఎవరికీ సగం సంగతులు తెలియవని అర్థమై, కెనడా ప్రభుత్వం వాళ్ళ గైడ్లు ముందేసుకుని కూర్చున్నాను. నేను చదివింది బీఏ తెలుగే. అయినా ఆ ఇంగ్లీషు మన భూముల దస్తావేజుల తెలుగు కంటే ఎంతో నయం. ఓపిక ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది. కాబట్టి “మనకేం తెలుస్తుంది, మగవాళ్ళు చూసుకుంటార్లే” అని ఎవరూ వదిలేయకండి.

ముందు ఆ రెండు దారులేమిటో చెప్తాను. భర్త కెనడా పౌరుడైనా, పీఆర్ ఉన్నవాడైనా భార్యని స్పాన్సర్ చేయవచ్చు. పీఆర్ ఉన్నవాడైతే కెనడాలోనే ఉంటూ చేయాలి. అలా చేసే అర్జీ రెండు రకాలు. ఒకటి, భార్యాభర్తలిద్దరూ కెనడాలో ఒకే ఇంట్లో ఉంటూ పెట్టేది. దీన్ని అందరూ ఇన్‌ల్యాండ్ అంటారు. రెండోది ఫ్యామిలీ క్లాస్ కింద పెట్టేది. దీన్ని అవుట్‌ల్యాండ్ అంటారు. ఏ రకంలో పెడుతున్నామో అర్జీలోనే చెప్పాలి. ఒకేసారి రెండు పెట్టడానికి వీల్లేదు. ఒకటి పెట్టాక మనసు మార్చుకుంటే, దాన్ని వెనక్కి తీసుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఈ పేర్లు వినగానే అందరూ ఒక పొరపాటు పడతారు. అవుట్‌ల్యాండ్ అంటే అమ్మాయి ఇండియాలోనే ఉండాలనుకుంటారు. అదేం లేదు. విజిటర్‌గా భర్త ఇంట్లో కూర్చుని కూడా అవుట్‌ల్యాండ్ అర్జీ పెట్టవచ్చు, పెట్టాక అక్కడే ఉండవచ్చు. కాకపోతే విజిటర్ గడువు దాటకుండా చూసుకోవాలి. మధ్యలో ఇండియా రావచ్చు, మళ్ళీ వీసా మీద వెళ్ళవచ్చు. అర్జీ దాని మానాన అది నడుస్తూ ఉంటుంది. అంటే “అక్కడే ఉండి పెట్టాలా, వచ్చి పెట్టాలా” అన్న ప్రశ్నే సరిగ్గా లేదు. అక్కడ ఉన్నా సరే, ఏ దారిన పెట్టాలన్నదే ప్రశ్న. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం ఇళ్ళల్లో సగం గొడవ తగ్గుతుంది.

ఖర్చు దగ్గర రెండింటికీ తేడా లేదు. 2024 ఏప్రిల్ 30న ఫీజులు పెంచినప్పుడు మొత్తం కలిపి 1,205 కెనడా డాలర్లయింది. వేలిముద్రలకి ఇంకో 85. మన డబ్బుల్లో డెబ్బై వేలు దాటిన మాటే. రెండు దారుల్లోనూ డాక్టరు పరీక్ష ఉంటుంది, పోలీసు క్లియరెన్స్ ఉంటుంది, పెళ్ళి నిజమైనదేనని చూపించే కాగితాల కట్ట ఉంటుంది. రెండింటిలోనూ భర్త మూడేళ్ళ పాటు భార్య పోషణ బాధ్యత నాదేనని ప్రభుత్వానికి రాసివ్వాలి. మరి తేడా ఎక్కడుందయ్యా అంటే రెండే రెండు చోట్ల. మధ్యలో దేశం దాటితే ఏమవుతుంది? కాదన్నప్పుడు ఎవరికి మొరపెట్టుకోవాలి? నా దృష్టిలో ఆడపిల్లకి ఈ రెండే అసలైనవి.

మొదటిది చూద్దాం. ఇన్‌ల్యాండ్ అర్జీకి ప్రాణం భార్యాభర్తలు కెనడాలో కలిసి ఉండటమే. మధ్యలో అమ్మాయి ఇండియా వస్తే ఆ వచ్చినంత మాత్రాన అర్జీ రద్దు కాదు. కానీ తిరిగి వెళ్ళినప్పుడు దేశంలోకి రానిస్తారన్న హామీ లేదు. మనకి కెనడా వెళ్ళాలంటే వీసా కావాలి. ఆ వీసా గడువు అయిపోయినా, సరిహద్దు దగ్గర అధికారికి నమ్మకం కుదరకపోయినా, అమ్మాయి ఇటు పక్క, అర్జీ అటు పక్క. కలిసి ఉండటం లేదు కాబట్టి అర్జీ నిలబడదు. అందుకే ఇన్‌ల్యాండ్ పెట్టినవాళ్ళని అది తేలేదాకా కదలొద్దంటారు. చట్టం కాళ్ళు కట్టేయదు గానీ భయం కట్టేస్తుంది.

ఏడాది కదలకుండా ఉండటం ఏమంత కష్టం అనిపించవచ్చు. ఒక్కసారి మన ఇళ్ళలో ఏడాది అంటే ఏమేం జరుగుతాయో తల్చుకోండి. చెల్లెలి పురుడు. తమ్ముడి పెళ్ళి, అందులో ఆడపడుచు చేయవలసిన తంతులు. నాన్నకి గుండెలో స్టెంటు. మంచం మీదున్న నాయనమ్మ. ఫోన్లో మొహం చూపిస్తే సరిపోయేవి కొన్ని ఉంటాయి. సరిపోనివీ ఉంటాయి. టొరంటోకీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. మనకి తెల్లవారేసరికి వాళ్ళకి ముందురోజు సాయంత్రం. ఇక్కడ ఆసుపత్రిలో కబురు తెలిసి, అక్కడ రాత్రంతా మెలకువగా కూర్చుని, “వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదో” అని భర్త మొహంలోకి చూసే పరిస్థితి ఏ ఆడపిల్లకీ రాకూడదు. అటు చూస్తే తండ్రి, ఇటు చూస్తే కాపురం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే అదే.

అవుట్‌ల్యాండ్‌లో అయితే ఈ నరకం లేదు. అమ్మాయి ఎక్కడున్నా అర్జీ నడుస్తుంది. వచ్చి పది రోజులుండి, వీలైతే తిరిగి వెళ్తుంది. వీసా దగ్గర ఏదైనా అడ్డం పడితే ఇక్కడే ఉండి పీఆర్ వచ్చాక వెళ్తుంది. ఆలస్యం అవుతుందేమో గానీ మొదలుకే మోసం రాదు.

విజిటర్ గడువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలుగా వెళ్ళిన రోజు నుంచి ఆరు నెలలు ఉండనిస్తారు. అంతకంటే ఉండాలంటే ఆ గడువు అయిపోకముందే పొడిగించమని అర్జీ పెట్టుకోవాలి. నెల రోజుల ముందే పెట్టుకోమని ప్రభుత్వమే చెప్తుంది. గడువులోపు పెడితే వాళ్ళు జవాబిచ్చేదాకా ఉండవచ్చు. ఒకవేళ పొడిగించం అన్నారనుకోండి. అవుట్‌ల్యాండ్ పెట్టినమ్మాయి సూట్‌కేసు సర్దుకుని వచ్చేస్తుంది, అంతే. ఇన్‌ల్యాండ్ పెట్టినమ్మాయి వచ్చేస్తే అర్జీ ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

ఇక రెండో తేడా, మొర. దీని గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఎందుకంటే “మనది నిజం పెళ్ళే కదా, ఎందుకు కాదంటారు?” అన్న ధీమా. నిజమే, మనకి నిజమే. కానీ మన పెళ్ళిని మన ఊరు ఎరగని ఒక అధికారి కళ్ళతో చూడండి. అబ్బాయికి మూడు వారాలు సెలవు. మొదటి వారం పెళ్ళిచూపులు, రెండో వారం తాంబూలాలు, పెళ్ళి. మూడో వారం సత్యనారాయణ వ్రతం చేసుకుని అబ్బాయి విమానం ఎక్కేశాడు. పెళ్ళికి ముందు ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నది పట్టుమని రెండు గంటలు. మనకి ఇందులో వింతేమీ లేదు, మా తరం వాళ్ళం చాలామందిమి ఇలాగే కాపురాలు చేశాం. ఆ అధికారికి మాత్రం ఇది ఒట్టి కాగితాల పెళ్ళిలా కనిపించినా కనిపించవచ్చు. ఆ అర్జీలో మీరిద్దరూ మొదట ఎప్పుడు కలిశారు, ఎవరు కలిపారు, పెళ్ళికి రెండువైపులా ఎవరెవరు వచ్చారు, మీ సంగతి మీ దగ్గరివాళ్ళకి తెలుసా అని అడుగుతారు. జవాబులు పొడిపొడిగా రాసి పంపితే అనుమానం పెరుగుతుంది.

అందుకని అక్కడ మన పద్ధతి విడమరిచి రాయాలి. పెళ్ళిచూపులంటే ఏమిటి, సంబంధం తెచ్చిన మేనత్త ఎవరు, ముహూర్తం కోసం అంత తొందర ఎందుకు పడ్డారు, శ్రావణంలో పెట్టుకోకపోతే మళ్ళీ ఎన్నాళ్ళు ఆగాలి, ఇవన్నీ రాయాలి. శుభలేఖ, అప్పగింతల ఫొటోలు, ఆ తర్వాత రోజూ మాట్లాడుకున్న ఫోన్ల లెక్క, ఒకరికొకరు పంపిన డబ్బు రసీదులు, అన్నీ జతచేయాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి. వధువో వరుడో పక్కన లేకుండా ఫోన్లోనో వీడియోలోనో జరిగిన పెళ్ళిని 2015 నుంచి కెనడా ఇలాంటి అర్జీలకి ఒప్పుకోదు.

ఇంత చేసినా కాదన్నారనుకోండి. అవుట్‌ల్యాండ్ అయితే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్ అని ఒకటుంది, అక్కడికి వెళ్ళవచ్చు. నిర్ణయం అందిన 30 రోజుల్లో వెళ్ళాలి. వాళ్ళు కొత్తగా సాక్ష్యం తీసుకుంటారు, భార్యాభర్తల మాట వింటారు, “ఇది నిజమైన కాపురమే” అని మళ్ళీ తేల్చగలరు. ఇన్‌ల్యాండ్‌కి ఆ గుమ్మం లేదు. ఫెడరల్ కోర్టుకి వెళ్ళాలి. అక్కడ కేసు వినడానికే ముందు కోర్టు అనుమతి కావాలి. విన్నా, అధికారి నిర్ణయం సబబుగా ఉందా లేదా అన్నదే చూస్తారు. మన పెళ్ళి కథ మళ్ళీ మొదటి నుంచి వినరు. పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకున్నవాళ్ళకి ఈ గుమ్మం ఎంత అవసరమో ఇంక వేరే చెప్పాలా?

ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఆ అప్పీలు హక్కు భార్యది కాదు, స్పాన్సర్ చేసిన భర్తది. ఆయన వెళ్తేనే ఆమె మాట అక్కడ వినిపిస్తుంది. చట్టాలు ఏ దేశంవైనా ఆడదాని కాగితం మొగుడి జేబులోనే పెడతాయేమో అనిపిస్తుంది నాకు. అందుకే కనీసం మనమైనా ఆమె చేతిలో ఏముందో చూసి నిర్ణయం తీసుకోవాలంటాను.

ఇన్‌ల్యాండ్ కావాలనేవాళ్ళు చెప్పే పెద్ద కారణం ఉద్యోగం. అక్కడే ఉండి పెడితే ఓపెన్ వర్క్ పర్మిట్ వస్తుంది, పిల్ల ఇంట్లో ఖాళీగా కూర్చోకుండా ఏదో ఒక పని చేసుకుంటుందని. ఒకప్పుడు అది నిజమైన కారణమే. ఆ సదుపాయం ఇన్‌ల్యాండ్ వాళ్ళకే ఉండేది. 2023 మే నెలలో కెనడా దాన్ని మార్చింది. అర్జీ అందిందని జవాబు వచ్చాక, భర్తతో కలిసి కెనడాలో ఉంటూ గడువు చెల్లిన వీసాతో కాక సక్రమంగా ఉన్నవాళ్ళైతే, ఫ్యామిలీ క్లాస్ వాళ్ళకీ ఓపెన్ వర్క్ పర్మిట్ అడిగే వీలు ఇచ్చింది. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కాబట్టి అర్జీ పెట్టే రోజున ప్రభుత్వ వెబ్‌సైటు ఒకసారి చూసుకోండి. కానీ పాత కారణం పట్టుకుని కొత్త నిర్ణయం తీసుకోకండి. అమ్మాయికి ఉద్యోగం ముఖ్యమైతే, అది రెండు దారుల్లోనూ ఉంది.

ఇన్‌ల్యాండ్ ఎవరికీ పనికిరాదని కాదు నేననేది. పనికొచ్చేవాళ్ళున్నారు. ఏ కారణం చేతనో విజిటర్ గడువు దాటిపోయి చిక్కుకుపోయిన భార్యలకి, 2005 నుంచి ఉన్న ఒక సదుపాయం కింద ఇన్‌ల్యాండ్‌లో అర్జీ పెట్టుకునే వీలుంది. వాళ్ళకి అదే దిక్కు. కొంతమందికి ఇక్కడ వెనక్కి వచ్చి చూసుకోవాల్సిన వాళ్ళెవరూ ఉండరు, లేదా వచ్చే పరిస్థితే ఉండదు. అవుట్‌ల్యాండ్‌లో అధికారులు ఇంటర్వ్యూకి పిలిస్తే ఢిల్లీకి రావలసి రావచ్చు. పసిబిడ్డతోనో, ఆరోగ్యం బాగాలేకో అంత దూరం రాలేనివాళ్ళు ఇన్‌ల్యాండ్ ఎంచుకుంటే తప్పు లేదు. తెలిసి ఎంచుకోవడం వేరు, “అక్కడుంది కాబట్టి అక్కడిదే” అని గుడ్డిగా టిక్కు పెట్టడం వేరు.

అన్నట్టు, మన వాళ్ళు ఇచ్చే ఇంకో సలహా ఉంది. “ఎయిర్‌పోర్టులో అడిగితే ఊరికే చూడ్డానికి వచ్చానని చెప్పు, పీఆర్ మాట ఎత్తకు.” దయచేసి ఏ పిల్లకీ ఈ పాఠం చెప్పకండి. ముందు ముందు ఇక్కడ స్థిరపడాలని ఉంది, ఇప్పటికి మాత్రం విజిటర్‌గా వచ్చాను అని చెప్పుకోవడం కెనడాలో తప్పు కాదు. రెండు ఉద్దేశాలూ ఉండవచ్చని వాళ్ళ చట్టంలోనే ఉంది. గడువు ముగిస్తే తిరిగి వెళ్తుందని అధికారికి నమ్మకం కుదిరితే చాలు. తిరుగు టికెట్టు, ఇక్కడి చదువో ఉద్యోగమో చూపించే కాగితం దగ్గర పెట్టుకుంటే సరి. అదే అబద్ధం చెప్పి దొరికితే ఐదేళ్ళ పాటు ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. చూడ్డానికి వచ్చానంటూ సూట్‌కేసులో టెన్త్ నుంచి డిగ్రీ దాకా సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బమూ, ఏడాదికి సరిపడా ఆవకాయా పట్టుకెళ్తే అధికారికి అర్థం కాదా ఏమిటి? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇప్పుడు ఇంకో మాట. పెళ్ళిళ్ళ గురించి మాట్లాడేటప్పుడు దీన్ని తీసుకురావడం అశుభం అనుకుంటారు. నేను అనుకోను. కాపురం సరిగ్గా సాగకపోతే? పీఆర్ చేతికి రాకముందు భర్త ఎప్పుడైనా స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే అర్జీ అక్కడితో సరి. ఇన్‌ల్యాండ్ అయితే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలన్న నియమం కూడా ఉంది కాబట్టి, ఆ ఇంట్లో ఏం జరుగుతున్నా పిల్ల పళ్ళబిగువున భరిస్తుంది. “ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టవే, కాగితం వస్తుంది” అని మనమే ఇక్కణ్ణించి చెప్తాం. తెలియని ఊరు, మంచు, సొంత సంపాదన లేదు, బస్సెక్కడం కూడా అలవాటు కాలేదు. అలాంటప్పుడు ఆమె చేతిలో ఉండే ఒకే ఒక్క బలం, ఏ రోజైనా విమానం ఎక్కి పుట్టింటికి రాగలగడం. ఆ బలాన్ని తీసేసే దారి నాకు నచ్చదు.

దీనితో పాటు ఆడపిల్లలకి తెలిసి ఉండాల్సినవి మూడున్నాయి. 2012 నుంచి 2017 దాకా ఒక నియమం ఉండేది. పెళ్ళయి రెండేళ్ళయినా కాని చాలామందికి, పీఆర్ వచ్చాక భర్తతో రెండేళ్ళు కలిసి ఉండకపోతే ఆ పీఆర్ పోయేది. హింస భరిస్తూ ఆడవాళ్ళు ఆ ఇళ్ళల్లోనే పడి ఉండాల్సి వస్తోందని విమర్శలొచ్చి, 2017 ఏప్రిల్‌లో దాన్ని తీసేశారు. ఇప్పటికీ “రెండేళ్ళు నాతో ఉండకపోతే నిన్ను పంపించేస్తారు” అని బెదిరించే మహానుభావులుంటే, ఆ నియమం ఇప్పుడు లేదని తెలిసి ఉండాలి. నిజాయితీగా పెళ్ళి చేసుకుని పీఆర్ తెచ్చుకున్న ఆడదాన్ని, విడిపోయినంత మాత్రాన వెళ్ళిపొమ్మనరు. భర్త రాసిచ్చిన మూడేళ్ళ పోషణ పత్రం కూడా విడాకులతో చెల్లకుండా పోదు. మూడోది, పీఆర్ ఇంకా రాకముందే ఇంట్లో హింస ఎదురైతే, అలాంటివాళ్ళ కోసం 2019 జూలై నుంచి ఫీజు లేకుండా తాత్కాలిక నివాస పర్మిట్ ఇస్తున్నారు. దానితో పాటు పని చేసుకునే పర్మిట్ కూడా అడగవచ్చు. ప్రమాదమైతే 911కి ఫోన్ చేయాలి. పాస్‌పోర్టు ఎప్పుడూ తన దగ్గరే పెట్టుకోవాలి. అత్తగారి బీరువాలోనో, భర్త ఆఫీసు బ్యాగులోనో కాదు. ఒడిబియ్యం కట్టేటప్పుడే ఈ మాట కూడా కట్టి పంపండి.

ఇక మా ఇంటి అమ్మాయి సంగతి. వాళ్ళ నాన్న, అల్లుడు, అల్లుడి బావగారు, టొరంటోలో ఉన్న ఒక స్నేహితుడు, నలుగురూ గ్రూపు కాల్‌లో కూర్చుని ఇన్‌ల్యాండే మేలని తేల్చేశారు. పిల్ల ఆ ఇంట్లోనే ఉంది. ఆమె కాల్‌లో లేదు, వంటింట్లో ఉంది. మర్నాడు నేను ఫోన్ చేసి, “నీకెలా ఉందమ్మా?” అనడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది, “పెద్దమ్మా, నాది బీఈడీ చివరి సెమిస్టరు మిగిలిపోయింది. అది పూర్తి చేసి వెళ్ళాలని ఉంది. అందరూ తిరిగి వెళ్ళడం దండగ అంటున్నారు. నేనెలా చెప్పను?”

నలుగురు చదువుకున్న మగవాళ్ళు గంటసేపు మాట్లాడుకున్న దానిలో ఈ బీఈడీ మాట ఒక్కసారీ రాలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అల్లుడు బంగారం లాంటి పిల్లాడు. విషయం తెలిశాక “ముందే చెప్పొచ్చు కదా, నేను కాదంటానా?” అన్నాడు. వాళ్ళిద్దరూ కూర్చుని బ్రాంప్టన్ నుంచే అవుట్‌ల్యాండ్ అర్జీ పంపారు. అమ్మాయి సెలవులు అయిపోగానే వచ్చేసి, సెమిస్టరు పూర్తి చేసి, పరీక్షలు రాసింది. ఆమె ఇక్కడ ఉన్నా అక్కడ ఫైలు ఆగలేదు. ఆ దారి గొప్పదనమంతా అందులోనే ఉంది. అమ్మాయి తన బతుకు తాను బతుకుతూ ఉండగా కాగితం దాని పని అది చేసుకుపోతుంది.

కాబట్టి తల్లులారా, అత్తలారా, మీ ఇంట్లో ఈ చర్చ వచ్చినప్పుడు నెలల లెక్క ఎవరో ఒకరు ఎలాగూ తీస్తారు. ప్రభుత్వ వెబ్‌సైటులో రెండు దారులకీ ఎంత కాలం పడుతుందో రాసి ఉంటుంది. అది మారుతూ ఉంటుంది, ఈ నెల ఇది త్వరగా ఉంటే వచ్చే నెల అది త్వరగా ఉండవచ్చు. మీరు మాత్రం పిల్లని పక్కకి పిలిచి వేరే ప్రశ్నలు అడగండి. ఈ ఏడాదిలో నువ్వు ఇక్కడికి రావలసిన అవసరం ఏదైనా ఉందా? ఇక్కడ సగంలో ఆగిన పని ఏదైనా ఉందా? మూడు నెలలు ఆ ఇంట్లో ఉన్నావు కదా, నీకు అక్కడ ధైర్యంగా ఉందా? అర్జీలో నీ పేరున రాసిన ప్రతి మాటా నువ్వు చదివావా? ఈ నాలుగింటికి వచ్చే జవాబులే దారి చూపిస్తాయి. జవాబు చెప్పేటప్పుడు భర్తా అత్తగారూ పక్కన లేకుండా చూడండి. మీరే అత్తగారైతే, అడిగి పక్క గదిలోకి వెళ్ళి కూర్చోండి, ఆమె వాళ్ళ అమ్మకి ఫోన్ చేసుకుంటుంది.

ఇక్కణ్ణించి వెళ్ళేముందు చేయవలసిన పనులు కూడా కొన్నున్నాయి. పెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించండి. మన దగ్గర 2002 నుంచి అది తప్పనిసరి అని చట్టమే ఉంది, అయినా వీసా అవసరం వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు. అసలు పత్రాల కాపీలు ఒక సెట్టు పుట్టింట్లో ఉంచండి. అర్జీ ఎవరి చేతనైనా రాయించాలనుకుంటే కెనడాలో లైసెన్సు ఉన్న కన్సల్టెంటో లాయరో అయి ఉండాలి. “నాకు లోపల మనుషులున్నారు” అనే ఏజెంటుకి దూరంగా ఉండండి. భర్త ఉండేది క్యుబెక్‌లో అయితే అక్కడి ప్రభుత్వం దగ్గర ఇంకో అర్జీ కూడా ఉంటుంది, అది వేరే లెక్క.

నా మాట ఒక్కటే. అమ్మాయికి విజిటర్ గడువు సక్రమంగా ఉండి, ఇక్కడ అమ్మానాన్నలు ఉండి, పెద్దలు కుదిర్చిన పెళ్ళి అయితే, అక్కడ ఉన్నా ఇక్కడ ఉన్నా అవుట్‌ల్యాండే మంచిది. ఒకటి రెండు నెలలు ఎక్కువ పట్టినా సరే. కన్యాదానం చేశాం గానీ ఆ పిల్ల తిరిగి వచ్చే దారిని కూడా ధారపోయలేదు కదా. ఆ దారి తెరిచి ఉందని తెలిసిన పిల్ల భర్త దగ్గర భయంతో కాక ఇష్టంతో ఉంటుంది. మంచి కాపురానికి కావలసింది అదే.